పాటను పాస్‌పోర్టు అడిగే రోజుల్లో

2025 మే 8న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఒక సలహాపత్రం జారీ చేసింది. పహల్గాం ఊచకోత, దానికి జవాబుగా ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజులవి. పాకిస్తాన్ మూలాలున్న వెబ్ సిరీస్‌లు, సినిమాలు, పాటలు, పాడ్‌కాస్ట్‌లను తక్షణం నిలిపివేయాలని ఓటీటీ వేదికలకు, స్ట్రీమింగ్ సంస్థలకు సూచించింది. దానికి వారం ముందే, మే 1న, పాకిస్తాన్ ప్రసార సంస్థల సంఘం తమ ఎఫ్ఎం రేడియోల్లో భారతీయ పాటలను ఆపివేస్తున్నట్టు ప్రకటించింది. ఏ ఒక్క విషయంలోనూ పొత్తు కుదరని ఆ వారంలో, పాటల నోరు నొక్కడంలో మాత్రం రెండు రాజధానులకూ ఏకాభిప్రాయం కుదిరింది.

‘పాకిస్తాన్ మూలాలున్న’ అన్న మాట దగ్గర కాసేపు ఆగవలసి ఉంది. ఒక సరుకుకు మూలదేశం ఏదో కస్టమ్స్ అధికారి తేల్చగలడు. పాటకు ఆ పని ఎవరు చేయాలి? పాడినవారి పుట్టుకను బట్టా, స్వరకర్త పుట్టుకను బట్టా, రికార్డు చేసిన ఊరిని బట్టా, డబ్బు పెట్టిన వారిని బట్టా? ఇది పండిత చర్చ కోసం వేస్తున్న ప్రశ్న కాదు. గత తొంభై ఏళ్లలో దక్షిణాసియాను తాకిన నృత్య గీతాలు, సోల్, జాజ్ రికార్డుల్లో మంచివాటిని ఏరి వరుసగా వింటే, ఆ ప్రశ్నకు ఏ ప్రభుత్వం దగ్గరా జవాబు లేదని బోధపడుతుంది. ఒప్పందాలు, ఓట్ల లెక్కలు, మంత్రివర్గ విస్తరణలు శ్రద్ధగా అనుసరించే పాఠకులు ఈ పాటలను కూడా రాజకీయ పత్రాలుగానే వినవచ్చు. కాళ్లు కదిలితే తప్పు లేదు.

మొదట వినవలసింది అందరూ ఎప్పుడో విన్నదే. ఫిరోజ్ ఖాన్ సినిమా ‘కుర్బానీ’లోని ‘ఆప్ జైసా కోయీ’. సంవత్సరం 1980. పాడిన నాజియా హసన్ కరాచీలో పుట్టిన అమ్మాయి, అప్పటికి ఆమె వయసు పదిహేనేళ్లు. స్వరకర్త బిడ్డు బెంగళూరువాడు. పడవెక్కినట్టు ఇంగ్లండు చేరి, 1974లో జమైకాలో పుట్టిన కార్ల్ డగ్లస్ చేత ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ పాడించి అమెరికా, బ్రిటన్‌లు రెండింటిలోనూ అగ్రస్థానానికి చేర్చినవాడు. పాట రికార్డయింది లండన్‌లో. తెరపై పెదవులు కదిపింది జీనత్ అమన్. అందులోని తాళం అమెరికాలోని నల్లజాతివారి నృత్యశాలల నుంచి వచ్చింది. 1981లో ఆ అమ్మాయికి ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు దక్కింది. ఈ పాట మూలదేశం ఏమిటో 2025 నాటి సలహాపత్రం ప్రకారం తేల్చమంటే ఏ న్యాయవాది అయినా తల గోక్కోవలసిందే.

ఈ పాటను ఇప్పుడు మళ్లీ వినేవారు గొంతును గమనించాలి. నాటి హిందీ సినీ గానంలో రాజ్యమేలిన పరిపూర్ణత ఇందులో లేదు. గమకం లేదు, తొణుకు లేదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి పాడుకుంటున్న పిల్లలా, ఒకింత ముక్కుతో, ఏమాత్రం బెరుకు లేకుండా పాడింది. ఆ బెరుకు లేకపోవడమే ఆనాటి పాకిస్తాన్‌లో రాజకీయమైంది. జియా ఉల్ హక్ 1977లో అధికారం చేజిక్కించుకున్నాక స్త్రీల శరీరం, దుస్తులు, సాక్ష్యం అన్నీ ప్రభుత్వ వ్యవహారాలయ్యాయి. నాహీద్ సిద్దిఖీ కథక్ కార్యక్రమం టెలివిజన్ నుంచి మాయమైంది. అటువంటి దేశంలోకి 1981లో నాజియా, ఆమె తమ్ముడు జోహెబ్‌ల ‘డిస్కో దీవానే’ క్యాసెట్ల రూపంలో చేరింది. అది ఏ పార్టీ జెండా పట్టలేదు, సైనిక పాలన గురించి ఒక్క మాటా చెప్పలేదు. ఒక ఆడపిల్ల నలుగురిలో సంతోషంగా ఉండవచ్చునన్నది మాత్రం చెప్పింది. నాజియా 2000 ఆగస్టులో ముప్పై అయిదేళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూశారు. పన్నెండేళ్ల తర్వాత ‘స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్’ సినిమా కోసం ముంబై ‘డిస్కో దీవానే’ను మళ్లీ తవ్వి తీసుకుంది. సరిహద్దుకు రెండువైపులా అప్పుడెవరికీ అభ్యంతరం కనబడలేదు.

డిస్కోను తేలికగా చూడడం చదువుకున్నవారి అలవాటు. అమెరికాలో అది తేలిక చూపుతో ఆగలేదు. 1979 జులై 12న చికాగోలోని కామిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల గుట్టను పేలుడు పదార్థంతో పేల్చివేశారు. జనం మైదానంలోకి దూకి విధ్వంసం సృష్టించారు. డిస్కో వెనుక నల్లజాతివారు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు ఉన్నారన్న ఎరుక ఆ ఆగ్రహంలో ఎంత ఉందన్నది నేటికీ అక్కడ నలుగుతున్న చర్చ. అదే చికాగోలో ఫ్రాంకీ నకల్స్ వంటి డీజేలు ఆ బూడిదలోంచి హౌస్ సంగీతాన్ని లేపారు. డోనా సమ్మర్ 1977లో పాడిన ‘ఐ ఫీల్ లవ్’ ఒక్కటి వింటే చాలు: గాయని గొంతు తప్ప దాదాపు అంతా యంత్రమే, అయినా అంత మానవీయమైన పాట ఆ దశకంలో అరుదు. దానికి దూరపు చుట్టంగా చరణ్‌జీత్ సింగ్ 1982లో ముంబైలో చేసిన ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ వినదగినది. హిందీ సినిమాల వాద్యకారుడు, మూడు యంత్రాలు, పది రాగాలు. ఆనాడు కొన్న నాథుడు లేడు. 2010లో పునర్ముద్రణ పొందాక, చికాగో యాసిడ్ హౌస్ కంటే ముందే ఆ ధ్వని ముంబైలో పుట్టిందా అని పాశ్చాత్య విమర్శకులు ఆశ్చర్యపోయారు. ‘ముందు మనమే’ అన్న గర్వానికి దీన్ని వాడుకోనక్కరలేదు. భైరవి వింటే చాలు.

పాటను అనుమానించడంలో మన ప్రజాస్వామ్య ప్రభుత్వాలకూ మంచి అనుభవమే ఉంది. 1952లో సమాచార, ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. అవి పాశ్చాత్య సంకరమని, జాతి అభిరుచిని చెరుపుతాయని ఆయన భావన. శ్రోతలు మంత్రితో వాదించలేదు, రేడియో ముల్లు తిప్పి సిలోన్ పట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. తెలుగు పాటల కోసం కొలంబో వైపు చెవులు రిక్కించిన కుటుంబాలు ఆంధ్ర ప్రాంతంలోనూ, తెలంగాణలోనూ వేలున్నాయి. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి ప్రభుత్వమే దిగివచ్చింది.

కేస్కర్ భయపడిన ఆ ‘సంకరం’ ఎలా ఉంటుందో తెలియాలంటే 1951 నాటి ‘అల్బేలా’లోని ‘శోలా జో భడ్‌కే’ వినాలి. సంగీతం సి. రామచంద్ర. ఆయనకు సహాయకుడుగా ఉన్నవాడు గోవాకు చెందిన ట్రంపెట్ వాద్యకారుడు ఆంతోనియో షావియెర్ వాజ్; బొంబాయి జనం అతణ్ణి చిక్ చాకొలెట్ అన్నారు, భారతదేశపు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని కూడా అన్నారు. అదే సినిమాలో తన బృందంతో తెరపైనా కనిపిస్తాడు. 1935లో లియోన్ ఆబీ తన నల్లజాతి జాజ్ బృందాన్ని బొంబాయి తాజ్ మహల్ హోటల్‌కు తెచ్చారు. పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ కలకత్తాలో స్థిరపడి, 1945లో కలరా సోకి అక్కడే కన్నుమూశారు. సొంత దేశంలో ముందు తలుపు నుంచి హోటల్లోకి అడుగుపెట్టలేని కళాకారులు, వలస పాలనలోని దేశంలో పెద్ద హోటళ్ల వేదికలెక్కారు. ఆ హోటళ్లలో సామాన్య భారతీయుడికి ఎంత చోటుందన్నది వేరే సంగతి. వారి పక్కన కూర్చుని విద్య పట్టినవారు గోవా క్రైస్తవ వాద్యకారులు. స్వాతంత్ర్యం తర్వాత వీరే సినిమా స్టూడియోలకు చేరి, స్వరలిపి రాయడం తెలియని సంగీత దర్శకుల బాణీలకు వాద్యగోష్ఠి కూర్చారు. టైటిల్ కార్డుల్లో మాత్రం వారి పేర్లు సాధారణంగా కనబడలేదు. సంకరమని నిందించిన మంత్రికీ, పేరు వేయని నిర్మాతకూ ఈ శ్రమజీవులు ఒకే విధంగా అదృశ్యులు.

నిషేధించడం ఒక పద్ధతి. పాటను పల్లకీ ఎక్కించి ఊరేగించడం మరో పద్ధతి. రెండింటి వెనుకా ఉన్న నమ్మకం ఒకటే: పాట ప్రభుత్వ ఆస్తి అని. ఈ రెండో పద్ధతిలో అమెరికాను మించినవారు లేరు. ప్రచ్ఛన్న యుద్ధం ముమ్మరంగా ఉన్న కాలంలో, జాతి వివక్ష గురించి సోవియట్ రష్యా చేస్తున్న ప్రచారానికి జవాబుగా, జాజ్ కళాకారులను విదేశాలకు పంపాలని హార్లెమ్ ప్రతినిధి ఆడమ్ క్లేటన్ పావెల్ వంటివారు వాదించారు. 1956లో డిజ్జీ గిలెస్పీ బృందం కరాచీ, ఢాకాలకు వచ్చింది. 1958లో డేవ్ బ్రూబెక్ నలుగురి బృందం పాకిస్తాన్, భారత్, సిలోన్‌లు తిరిగింది. బొంబాయిలో సితార్ విద్వాంసుడు అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌తో కలిసి బ్రూబెక్ వాయించారు. ఆ ప్రయాణం నుంచి పుట్టిన ఆల్బమ్‌లోని ‘కలకత్తా బ్లూస్’ వింటే, ఒక అతిథి ఇంటివారి తాళాన్ని అర్థం చేసుకోవడానికి పడే తాపత్రయం వినిపిస్తుంది. అర్థమైపోయిందన్న అహం వినిపించదు. ఇంటికి తిరిగి వెళ్లాక జరిగిందేమిటి? బృందంలో యూజీన్ రైట్ అనే నల్లజాతి వాద్యకారుడు ఉన్నాడన్న కారణంతో అమెరికా దక్షిణాది కళాశాలలు అభ్యంతరపెట్టాయి. అతణ్ణి వదిలి రానని బ్రూబెక్ 1960లో పర్యటనలో అత్యధిక భాగం వదులుకున్నారు. ఢాకాలో అమెరికా సమానత్వానికి ప్రతినిధి అయిన మనిషి జార్జియాలో వేదిక ఎక్కడానికి పనికిరాలేదు.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అయితే 1957లో లిటిల్ రాక్ బడి గేటు దగ్గర నల్లజాతి పిల్లలను అడ్డగించిన తీరు చూసి, ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కు వెళ్లేది లేదని తెగేసి చెప్పారు. తర్వాత ఆయనా, బ్రూబెక్ దంపతులూ కలిసి ఈ రాయబార వ్యవహారం మీదే ‘ది రియల్ అంబాసడర్స్’ అనే సంగీత వ్యంగ్యం తయారుచేశారు. 1962లో వెలువడిన ఆ రికార్డులో ‘దే సే ఐ లుక్ లైక్ గాడ్’ అనే పాట ఉంది. నవ్వించడానికి రాసిన మాటలను ఆర్మ్‌స్ట్రాంగ్ నవ్వకుండా పాడారు. దౌత్యశాస్త్రం బోధించే తరగతుల్లో వినిపించవలసిన రికార్డు.

ఈ కథకు గుండెకాయ వంటి సంవత్సరం 1963. ఆ సెప్టెంబరులో డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందం అమెరికా విదేశాంగ శాఖ పక్షాన డమాస్కస్‌లో పర్యటన మొదలుపెట్టి, కాబూల్ మీదుగా ఢిల్లీ చేరింది. ఢిల్లీలో ఎల్లింగ్టన్ ఆస్పత్రి పాలయ్యారు. పర్యటన జాబితాలో హైదరాబాదు, బెంగళూరు, మద్రాసు, ఢాకా, కొలంబో, లాహోర్ కూడా ఉన్నాయి. బృందం రాయబారం మొదలైన కొద్ది రోజులకే, సెప్టెంబరు 15న, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని ఒక చర్చిలో శ్వేతజాతి ఉన్మాదులు పెట్టిన బాంబు నలుగురు నల్లజాతి బాలికలను బలిగొంది. దేశం పరువు మోస్తూ తిరుగుతున్న ఆ వాద్యకారులకు వార్త ఎక్కడ, ఎలా తెలిసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. నవంబరు 22న కెనడీ హత్యతో పర్యటన అంకారాలో అర్ధాంతరంగా ముగిసింది.

ఈ ప్రయాణ ఫలితం ‘ఫార్ ఈస్ట్ సూట్’. 1966 డిసెంబరులో రికార్డు చేశారు. పేరు తప్పు, ఇందులోని ఊళ్లలో అధిక భాగం పశ్చిమాసియా, దక్షిణాసియాల్లోనివే, దూర ప్రాచ్యం కాదు. రాయబారులకు కూడా భూగోళం తప్పుతుందన్నమాట. కానీ ‘బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ’లో జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ మీద పలికించిన గోరువంక కూతను, ‘ఆగ్రా’లో హ్యారీ కార్నీ బారిటోన్ సాక్సోఫోన్ గంభీరతను వింటే, ఆ పేరును మన్నించబుద్ధేస్తుంది. తాజ్ మహల్ మీద దేశదేశాల వాళ్లు చెప్పిన వేల మాటల్లో కార్నీ వాద్యం చెప్పినంత బరువైన మాట అరుదు.

దీని వెంటనే, మధ్యలో మరేదీ పెట్టకుండా, జాన్ కోల్‌ట్రేన్ ‘అలబామా’ వినాలి. కెనడీ హత్యకు నాలుగు రోజుల ముందు, 1963 నవంబరు 18న రికార్డయింది. మాటల్లేవు. సాక్సోఫోన్ మొదట ఒక శోకసభలో మాట్లాడుతున్న మనిషిలా నెమ్మదిగా, ఆగి ఆగి పలుకుతుంది. మధ్యలో తాళం అందుకుంటుంది, కానీ ఆ తాళం మీద నిలబడడానికి మనసొప్పనట్టు ఆగిపోతుంది. ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు చివర్లో ఉరుముతాయి. అయిదు నిమిషాలు. ఒకే ఏడాది, ఒకే జాతి, ఒకే సంగీతం. ఒక ముక్కను ప్రభుత్వం విమానం ఎక్కించి ఢిల్లీకి పంపింది; రెండోదాన్ని పంపించే ధైర్యం ఏ ప్రభుత్వానికీ ఉండదు. నిజానికి రెండూ ఒకే మాట చెబుతున్నాయన్నది ఎల్లింగ్టన్ రికార్డును రెండోసారి వింటే తెలుస్తుంది.

సోల్ సంగీతంలో ఇంత చాటు ఉండదు. శామ్ కుక్ ‘ఎ చేంజ్ ఈజ్ గాన కమ్’ విన్నవారు కూడా దాన్ని 1964 తొలినాళ్ల ఆల్బమ్ రూపంలో మళ్లీ వినాలి. ఆ ఏడాది చివర విడుదలైన సింగిల్‌లో, వివక్షను సూటిగా ప్రస్తావించే చరణాన్ని తొలగించారు. సెన్సార్ ప్రభుత్వమే చేయనక్కరలేదు, అమ్మకాల విభాగం చాలు. నీనా సిమోన్ ‘మిసిసిపీ గాడమ్’ అదే ఏడాదిది. వినోద నాటకాల బాణీలాంటి హుషారులో ఆమె దాచిన కోపం వినేకొద్దీ కాలుతుంది. మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ను 1971 జనవరిలో విడుదల చేయడానికి మోటౌన్ అధిపతి బెరీ గోర్డీకి ఇష్టం లేకపోయింది. అది పోలీసు లాఠీల నుంచి, వియత్నాం నుంచి తిరిగివచ్చిన సోదరుడి మాటల నుంచి పుట్టింది. అడిగేది ప్రశ్న, గొంతులో ఉన్నది లాలన. నినాదాలకు అలవాటుపడిన మన చెవులకు ఆ మెత్తదనం మొదట బలహీనతలా తోస్తుంది. జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్‌ను మాత్రమే వెంబడిస్తూ రెండోసారి వింటే ఆ అభిప్రాయం నిలవదు.

అదే 1971. నిక్సన్, కిసింజర్‌లు యాహ్యా ఖాన్ వెనుక నిలిచిన సంవత్సరం. ఢాకాలోని అమెరికా కాన్సుల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్‌లో తన ప్రభుత్వానికే అసమ్మతి టెలిగ్రామ్ పంపి ఉద్యోగ భవిష్యత్తును పణంగా పెట్టారు. ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్‌లు బంగ్లాదేశ్ కోసం కచేరీ నిర్వహించారు. ఆ రికార్డులో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్‌ల ‘బంగ్లా ధున్’ గురించి అందరూ చెబుతారు. బిల్లీ ప్రెస్టన్ పాడిన ‘దట్స్ ద వే గాడ్ ప్లాన్డ్ ఇట్’ గురించి చెప్పేవారు తక్కువ. నల్లజాతి చర్చిలో పెరిగిన గాయకుడు, ఆర్గాన్ మీద సోల్ గీతం. చివరికి ఆవేశం ఆపుకోలేక వాద్యం వదిలి లేచి వేదికంతా నర్తించాడు. తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం, హరి సంకీర్తనలు ఇష్టపడే ఇంగ్లీషు గాయకుడి పిలుపు మీద, హూస్టన్‌లో పుట్టిన ఒక నల్లవాడు యేసును పిలుస్తూ ఆడాడు. ఆ రోజు వసూలైన సుమారు రెండు లక్షల నలభై మూడు వేల డాలర్లు యూనిసెఫ్‌కు చేరాయి. ప్రభుత్వం ఆయుధాలు పంపుతున్న దేశం పేరు కాక, ప్రభుత్వం పలకడానికి ఇష్టపడని దేశం పేరు అమెరికా యువతకు తెలిసింది.

యుద్ధకాలంలో పాటల గురించి ఈ గోల ఏమిటని అడిగేవారుంటారు. అడగడం న్యాయమే. పహల్గాంలో పర్యాటకులను వారి కుటుంబాల ఎదుటే కాల్చి చంపినప్పుడు, ఆ కుటుంబాల ముందు నాజియా హసన్ పాట గురించి వాదించబోవడం అసభ్యం. విద్వేషం రెచ్చగొట్టే పాటలూ ఉంటాయి. వాటిని ఆపడానికి చట్టాలున్నాయి, ఒక్కో పాటను ఒక్కో కారణంతో ఆపవచ్చు. మే 8 నాటి పత్రం ఆ శ్రమ తీసుకోలేదు. పాటలో ఏముందన్నది చూడకుండా, ఎక్కడిదన్నది మాత్రమే చూసింది. ఉగ్రవాద శిబిరాన్నీ, లాహోర్ సితార్ వాద్యకారుణ్ణీ ఒకే వాక్యంలో ఇమిడ్చే విధానం వల్ల శిబిరానికి నష్టమేమీ ఉండదు.

లాహోర్ సితార్ అన్నది మాటవరసకు చెప్పినది కాదు. జియా కాలం నుంచి అక్కడి సినీ పరిశ్రమ క్షీణించి, స్టూడియోల వాద్యకారులు ఉపాధి కోల్పోయారు. తరతరాల విద్య ఉన్న ఉస్తాదులు చిల్లర పనులతో పొట్ట పోసుకున్నారు. 1958లో డేవ్ బ్రూబెక్ లాహోర్‌లో ఇచ్చిన కచేరీని బాల్యంలో విన్న ఇజ్జత్ మజీద్ అనే వ్యాపారి, దశాబ్దాల తర్వాత సాచల్ స్టూడియోస్ స్థాపించి, ఈ వృద్ధ కళాకారులను తిరిగి పోగుచేశారు. వారు సితార్, తబలా, వయొలిన్‌లతో బ్రూబెక్ బృందపు ‘టేక్ ఫైవ్’ వాయించారు. అయిదు మాత్రల ఆ తాళం అమెరికా శ్రోతలకు 1959లో వింత. లాహోర్ తబలాకు అందులో వింతేమీ లేదు. మరణానికి ముందు బ్రూబెక్ స్వయంగా విని మెచ్చుకున్నారు. అమెరికా ప్రభుత్వం రష్యాను ఓడించడానికి పంపిన పాట, ఒక సైనిక నియంత మూగబుచ్చిన ఉస్తాదుల చేతుల్లో, యాభై ఏళ్లకు ఇలా పలికింది. 2025 సలహాపత్రాన్ని అక్షరాలా చదివితే ఈ రికార్డు కూడా పాకిస్తాన్ మూలాలున్నదే. దొరికితే వినాలి, తొలి పల్లవి అయ్యాక సితార్ తన దారిలో పైకి లేస్తుంది, తబలా వదలకుండా వెంట వెళుతుంది.